మందు వెయ్యని గది

ఓబులేసుకు వచ్చిన కష్టమల్లా ఒక్కటే. కోళ్ళు చావలేదు.

నవ్వకండి. మా టీకాల కేంద్రంలో అంతకంటే పెద్ద కష్టం ఇంకోటి లేదు. బయట కోళ్ళు చావకపోతే సంతోషం. మా పరీక్ష గదిలో చావాల్సిన కోళ్ళు చావకపోతే మాత్రం ఏళ్ళ తరబడి చేసిన పనంతా గంగపాలు.

నా పేరు సులోచన. కేంద్రంలో అందరూ పిలిచేది తెగులమ్మ అని. ఏం చేస్తాం, చేసే పని అట్లాంటిది. ఊళ్ళకు ఊళ్ళు నాటుకోళ్ళను తుడిచిపెట్టే కొక్కెర తెగులు ఉంది చూడండి, ఆ వైరస్‌ను నా ఫ్రీజర్‌లో, సీసాల్లో పెట్టి కాపాడేదాన్ని. ఎవరు కొత్త టీకా చేసినా చివరికి నా గుమ్మం తొక్కాల్సిందే. "తెగులమ్మా, కొంచెం రోగం పెట్టు తల్లీ" అని అడగాల్సిందే.

ఎందుకంటే మందు పనిచేస్తుందో లేదో చూసే పద్ధతి ఒకటే. రెండు గదులుంటాయి. ఒక గదిలో మందు వేసిన కోళ్ళు, ఇంకో గదిలో మందు వెయ్యని కోళ్ళు. కొన్ని వారాలు ఆగి రెండు గదుల్లోనూ ఒకే రోజు, ఒకే సీసాలోంచి రోగం ఎక్కిస్తాం. వేసినవి బతకాలి, వెయ్యనివి పోవాలి. వెయ్యనివి పోతేనే, వేసినవి మందు చలవ వల్ల బతికాయని ఎవరైనా నమ్ముతారు.

పరీక్ష అయ్యాక రెండు గదుల్లోంచీ ఒక్క కోడి కూడా ప్రాణంతో బయటికి రాదు. వైరస్ గడప దాటకూడదు కాబట్టి బతికినవాటిని కూడా సూదిమందు వేసి నిద్రపుచ్చేస్తాం. పాపమే. ఇంకో దారి తెలిసుంటే ఆ దారినే పోయేవాళ్ళం.

ఓబులేసు మా జలీల్ సార్ శిష్యుడు. జలీల్ సార్ బక్కపలచని మనిషి. జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం ఉంటుంది, నోట్లో మాటే కరువు. ఆయన నోట ఒక పూటలో నాలుగు మాటలు వింటే ఆ రోజు ఆయన కబుర్లాడినట్టు లెక్క. ఓబులేసు ఇందుకు తలకిందులు. వాడు మాతో మాట్లాడతాడు, మేం దొరక్కపోతే కోళ్ళతో మాట్లాడతాడు.

వాడిది అనంతపురం వైపు పెద్దకొట్టాల అనే పల్లె. వాళ్ళమ్మ చెన్నమ్మ కోళ్ళు పెంచి వాణ్ణి చదివించింది. వాడు చిన్నప్పుడు ఒక ఎండాకాలం కొక్కెర తెగులొచ్చి గంప కింద కోళ్ళన్నీ పోయాయట. అవి పోయిన తీరు వాడి కళ్ళలోంచి ఎప్పటికీ పోలేదు. ఆ రోగం ముదిరితే కోడి మెడ మెలితిరిగిపోతుంది. తల వెనక్కి పడిపోయి, నీళ్ళ గిన్నె ఎదురుగా ఉన్నా ముక్కు అందక అక్కడే గిరగిరా తిరుగుతుంది.

"మా యమ్మ ఒక్కోదాని తల చేతిలో పట్టుకొని నీళ్ళు తాపేదక్కా," అని నాతో చెప్పేవాడు.

అందుకేనేమో వాడు ఫ్రిజ్ అక్కర్లేని టీకా చెయ్యాలని పట్టుబట్టాడు. మామూలు టీకా ఎండ తగిలితే చెడిపోతుంది. తెగులేమో ఎండాకాలంలోనే విరుచుకుపడుతుంది. పల్లెల్లో అందరిళ్ళల్లో ఫ్రిజ్‌లు ఎక్కడివి, ఉన్నా కరెంటు ఎక్కడిది? వాడు రోగం తేని సాధు వైరస్ ఒకటి పట్టుకుని, దాన్ని గుడ్లలో పెంచాడు, వేడి చేశాడు, వేడికి తట్టుకుని మిగిలినదాన్ని మళ్ళీ గుడ్లలో పెంచాడు. అట్లా ఏళ్ళు గడిచాయి. తయారైన సీసాలను తీసుకుపోయి మా రేకుల షెడ్డు మీద ఎండలో పెట్టి, మధ్యమధ్యలో నిచ్చెనెక్కి చూసొచ్చేవాడు.

"ఏరా, వడియాలు ఎండాయా?" అని మేమంతా ఏడిపించేవాళ్ళం.

ఎండాయి. అంటే మందు నిలబడింది. తడిగుడ్డలో చుట్టుకుని ఊరూరా మోసుకుపోవచ్చు. కోడి కంట్లో ఒక్క చుక్క వేస్తే చాలు. పరీక్ష పాసైతే ఎండలు ముదరకముందే పల్లెలకు పంపడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. పాసు కాకపోతే ఈ పనికి ఇంతటితో స్వస్తి అని కూడా అదే నోటితో చెప్పారు.

చెన్నమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట.

"ఏం నాయనా, మందు ఎప్పుడొస్తాది?"

"వస్తాది మా. ఈ ఎండలకు ముందే వస్తాది."

పరీక్షకు కావలసిన కోళ్ళను మా కేంద్రంలోనే గుడ్డు నుంచి పెంచుతాం, ఏ రోగం గాలీ సోకకుండా. ఈసారి వాటికి మేత వేసేది కూడా ఓబులేసే. ఇంకొకరిని నమ్మితే కదా! అన్నీ తెల్లకోళ్ళే, రెక్కకు బిళ్ళ చూస్తే గానీ ఏది ఏదో తెలీదు. ఒక్కదాన్ని మాత్రం బిళ్ళ చూడకుండానే గుర్తుపట్టొచ్చు. దాని కుడికాలి వేలు వంకర. ఓబులేసు గదిలోకి పోగానే కుంటుకుంటూ వచ్చి వాడి బూటు మీదెక్కి కూర్చునేది. వాడు కదలకుండా అట్లాగే నిలబడి దాంతో ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు.

ఏ కోడి ఏ గదిలోకి పోవాలో చీట్లు తీసి తేలుస్తాం. మన ఇష్టప్రకారం ఎంచుకుంటే పరీక్షకు విలువ ఉండదు. ఆ రోజు చీట్లు తీసింది ఓబులేసే. వంకరవేలుదానికి మందు వెయ్యని గది వచ్చింది.

వాడు ఆ చీటీ పట్టుకుని సార్ దగ్గరికి వచ్చాడు.

"సార్, దీన్ని ఆ పక్కకు మార్చకూడదా?"

"చీటీ తీసింది నువ్వే కదప్పా," అన్నారు జలీల్ సార్.

వాడు దాన్ని తీసుకెళ్ళి ఆ గదిలో వదిలాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

మందు వేశాం. వారాలు ఆగాం. రోగం పెట్టే రోజు నా ఫ్రీజర్ తెరిచి సీసా ఇచ్చాను. జలీల్ సార్ తన చేతులతోనే రెండు గదుల్లో రోగం చుక్కలు వేశారు. రోగం పెట్టాక ఆ గదుల్లోకి ఆయన తప్ప ఇంకెవరూ పోరు. అది ఆయన పెట్టుకున్న నియమం. మందు వెయ్యని గదిలోకి పోతే గంటలు గంటలు బయటికి రారు. కోళ్ళు లెక్కపెట్టడానికి అంతసేపా? ఆ గదిలో ఒక పాత ఇనుప స్టూలు ఉంటుంది, ఫినాయిల్ నీళ్ళతో కడిగి కడిగి దాని రంగంతా పోయింది. సార్ దాని మీద కూర్చుని కునుకు తీస్తారని మాలో మేం నవ్వుకునేవాళ్ళం.

మందు వేసిన గదిలో కోళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. మందు వెయ్యని గదిలో కోళ్ళు కూడా నిక్షేపంగా ఉన్నాయి! గింజలు తింటున్నాయి, మేత తొట్టి దగ్గర పొడుచుకుంటున్నాయి. రోజులు గడిచిపోతున్నాయి. ఒక్కటంటే ఒక్కటి తల వాల్చలేదు.

డైరెక్టర్ మేడమ్ అందరినీ పిలిచింది.

"రోగం సీసా ఎప్పుడో చచ్చిపోయినట్టుంది," అంది.

ఆ మాట నేరుగా నాకే తగిలింది. ఒళ్ళు మండిపోయింది.

"మేడమ్, నేనన్నా చస్తానేమో గానీ నా వైరస్ చావదు," అన్నాను.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"మరి కోళ్ళెందుకు చావలేదు సులోచనగారూ?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇట్లాంటి పరీక్ష పట్టుకుని పైవాళ్ళ దగ్గరికి పోలేమనీ, ఈ మందు సంగతి ఇక్కడితో వదిలెయ్యడమే మేలనీ అంది. ఆవిడకూ కష్టంగానే ఉంది, గొంతులోనే తెలుస్తోంది. ఓబులేసు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపం, పిల్లాడి కష్టం కొట్టుకుపోయిందే అని నేను నా కోపం కూడా మింగేశాను.

"సాయంత్రం దాకా ఆగండి మేడమ్," అన్నారు జలీల్ సార్.

రోగం పెట్టే ముందు రెండు గదుల కోళ్ళ రక్తం కొంచెం కొంచెం తీసి దాచిపెట్టడం మా అలవాటు. అంతా అయ్యాక చివర్లో కలిపి చూస్తాం. జలీల్ సార్ ఆ దాచిన వాటిలోంచి మందు వెయ్యని గది సీసాలు బయటికి తీసి, ఓబులేసు ముందు పెట్టారు.

"చూడప్పా," అన్నారు. అంతే. పక్కనే కుర్చీ లాక్కుని సోంపు నములుతూ కూర్చున్నారు.

ఈ పరీక్ష చూడ్డానికి చాలా తేలిక. గుంటలు గుంటలుగా ఉన్న తెల్ల పళ్ళెంలో ఒక్కో కోడి రక్తం నుంచి తీసిన నీరు పోసి, దాంట్లో కొంచెం వైరస్ వేసి, పైన ఎర్రకణాలు వేసి ఆగుతాం. తెగులును అడ్డుకునే శక్తి ఆ కోడిలో ఉంటే, ఎరుపంతా గుంట అడుగుకు దిగి కుంకుమ బొట్టులా నిలుస్తుంది. శక్తి లేకపోతే ఎరుపు గుంటంతా పలచగా పరుచుకుంటుంది. మందు వెయ్యని కోడికి బొట్టు రాకూడదు. వచ్చే ప్రసక్తే లేదు.

మొదటి గుంటలో బొట్టు దిగింది. దాని పక్కదాంట్లోనూ దిగింది. చూస్తూ చూస్తూ ఉండగా పళ్ళెం నిండా బొట్లే.

ఓబులేసు పళ్ళేన్ని కళ్ళకు దగ్గరగా ఎత్తుకున్నాడు.

"అన్నింటికీనా?" అన్నాడు. "అన్నింటికీ ఎట్లొచ్చె సార్?"

జలీల్ సార్ వాడి వైపు తిరిగారు.

"ఒక్కదానికే వేసినావా?"

వాడు తల దించుకుని ఊపాడు.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. రోగం పెట్టడానికి ముందు ఆగిన వారాల్లో ఒక ఆదివారం, ఎవరూ లేని పూట, వాడు ఆ గదిలోకి మేత వెయ్యడానికి పోయాడు. వంకరవేలుది ఎప్పట్లాగే బూటెక్కి కూర్చుంది. వాడి జేబులో మందు సీసా ఉంది.

"చచ్చేది ఎట్లైనా చస్తాది సార్. మెడ తిరక్కుండా చావనీ అనుకున్నా. ఒక్క చుక్క. దానికొక్కదానికే."

ఒక్కదానికే అట! వాడి మందు కూడా ప్రాణమున్న వైరసే కదా. ఒక కోడికి వేస్తే దాని ముక్కు నుంచీ, రెట్ట నుంచీ పక్కకోడికి పాకుతుంది. అందుకే కదా రెండు గదులూ, రెండు జతల బూట్లూ, ఈ గదిలోంచి ఆ గదిలోకి పోవాలంటే తలస్నానాలూ! కొత్తగా చేరినవాళ్ళకు ఈ నియమాలన్నీ నేర్పించేది వాడే. జాలి పుట్టేసరికి నేర్పినవన్నీ ఎటో ఎగిరిపోయాయి. ఒక్క చుక్క గదంతా తిరిగి అన్ని కోళ్ళనూ కాపాడి కూర్చుంది.

నేను ఊరుకుంటానా? "ఒరే ఓబులేసూ, ఎంత పని చేశావురా! నా సీసా చచ్చిందని ఊరంతా నవ్వుతుంటే నోరు కుట్టేసుకుని గోడకు ఆనుకున్నావే!" అని అరిచేశాను.

"లేదక్కా! ఒక్కటి మిగిల్తే ఏమవుతాదిలే అనుకున్నా. మిగతావన్నా పోవల్ల గదా. పోకపొయ్యేసరికి సీసాలోనే ఏందో తేడా ఉందనుకున్నా. నీ మీద ఒట్టక్కా."

వాడి మొహం చూస్తే అబద్ధం కాదని తెలుస్తూనే ఉంది. నా కోపం సగం అక్కడే చల్లారింది.

జలీల్ సార్ సోంపు నములుతూనే ఉన్నారు. తిట్టి ఉంటే వాడికి కాస్త ఊపిరాడేది. ఆయన తిట్టకపోయేసరికి వాడే రెచ్చిపోయాడు.

"మీకు అలవాటైపోయింది సార్! చుక్కలేస్తారు, పోయి చచ్చినవి లెక్కపెట్టుకొని వస్తారు. నాకు అలవాటు కాలే. నాకు చేతకాదు!"

గురువును పట్టుకుని అంత మాట! జలీల్ సార్ సోంపు పొట్లం మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నారు. లేచారు.

"పళ్ళెం తీసుకొని రా," అని మేడమ్ గది వైపు నడిచారు.

వాడు ఆవిడ బల్ల మీద పళ్ళెం పెట్టి, నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు. జలీల్ సార్ పక్కనే ఉన్నారు గానీ ఒక్క మాట సాయం రాలేదు. మధ్యలో రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. నా సీసా మంచిదేనని కూడా వాడే చెప్పాడు.

మేడమ్‌కు కోపం రాకుండా ఉంటుందా? "ఇది ఆటనుకున్నారా? ఎన్ని ప్రాణాలు, ఎన్నేళ్ళ పని!" అని కడిగిపారేసింది. వాడు పడ్డాడు. ఆఖరికి ఆవిడ పళ్ళేన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది.

"నిజంగా ఒక్కదానికేనా?"

"ఒక్కదానికే మేడమ్."

ఆవిడ మళ్ళీ చూసింది. పల్లెల్లో కోళ్ళన్నీ సాయంత్రమైతే ఒకే గంప కిందికి చేరతాయి. ఆవిడ మనసు అటే పోయిందని నాకనిపించింది. చేతికి చిక్కని కోడికి కూడా పక్కకోడి నుంచి రక్షణ అందుతుందంటే అది చిన్న సంగతి కాదు. కానీ ఆవిడ పళ్ళెం కింద పెట్టేసి, "అది తర్వాత," అంది.

"మళ్ళీ చేస్తాం మేడమ్," అన్నారు జలీల్ సార్.

"లోపల ఎవరుంటారు?"

"వీడు."

"ఇతనా! మళ్ళీ మందు వేస్తే?"

"వెయ్యడు."

అప్పటిదాకా తిట్లన్నీ కాసుకుని నిలబడ్డవాడు ఆ ఒక్క మాటకు ఏడ్చేశాడు.

పాత కోళ్ళను ఉంచకూడదు కదా. మర్నాడు సార్ వాణ్ణి వెంటపెట్టుకుని మందు వెయ్యని గదిలోకి పోయారు. తలుపు తియ్యగానే వంకరవేలుది వచ్చి బూటెక్కిందట. "పట్టుకోప్పా," అన్నారట సార్. వాడు పట్టుకున్నాడు, ఆయన సూది వేశారు. ఈ సంగతి వాడే చెప్పాడు నాకు, ఆ తర్వాత చాలా రోజులకు.

మెడ తిరక్కుండా పోయింది, అంతే. దానికోసం ఇప్పుడు ఇంకో గదినిండా కోళ్ళు కావాలి, వాటికి మళ్ళీ రోగం పెట్టాలి. ఆ మాట వాడితో ఎవరూ అనలేదు. కొత్త పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాక కూడా వాడు మునుపటిలా వాటితో కబుర్లు చెప్పలేదు. మేత వేసి, నీళ్ళు మార్చి వచ్చేసేవాడు. కోళ్ళతో మాట్లాడే ఓబులేసును ఏడిపించి ఏడిపించి, ఇప్పుడు వాడు మాట్లాడకపోతే నాకే తోచేది కాదు.

అవి పెరగాలి, చీట్లు తియ్యాలి, మందు వెయ్యాలి, మళ్ళీ ఆగాలి. ఎండలు మాత్రం మాకోసం ఆగలేదు. చెన్నమ్మ ఫోన్‌లో అడుగుతూనే ఉంది. వాడు "వస్తాది మా" అంటున్నాడు గానీ ఎండలకు ముందే అనడం మానేశాడు.

రెండోసారి నేను సీసా ఇచ్చాను. ఈసారి చుక్కలు వేసింది ఓబులేసు. ఒక్కో కోడినీ సార్ పట్టుకుంటే వాడు వేశాడు. రెండు గదుల్లోనూ వాడే.

మందు వెయ్యని గదిలో రోగం తల ఎత్తిన రోజు పొద్దున్నే వాడికి ఫోన్ వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. చెన్నమ్మ గొంతు ఫోన్ బయటికి కూడా వినపడుతోంది.

"గంప ఖాళీ అయిపాయె నాయనా."

వాడు గోడకు చెయ్యి ఆనించుకున్నాడు.

"మా... నేను..."

"నువ్వేం చేస్తావులే. ఎండలు అట్లుండాయి. పొదిగే కోడొకటి మిగిలింది. మందు అయినప్పుడు దానికోసమన్నా పంపు," అంది ఆ తల్లి. పైగా "అన్నం తిన్నావా?" అని అడిగింది.

వాడు ఫోన్ పెట్టేశాడు. మొదటిసారే పరీక్ష పాసై ఉంటే మందు ఈపాటికి పెద్దకొట్టాలకు చేరి ఉండేది. ఇది వాడికి ఎవరైనా చెప్పాలా?

జలీల్ సార్ అప్పటికే బూట్లు వేసుకుని లోపలికి పోబోతున్నారు. వాడి మొహం చూశారు.

"ఈ పూట నేను చూసుకుంటాలే. రూముకు పో," అన్నారు.

ఓబులేసు భుజానికి కళ్ళు తుడుచుకుని, వంగి తన బూట్లు తీసుకున్నాడు.

"లేదు సార్. నేనూ వస్తా."

నేనూ గౌను తగిలించుకుని వెనకాలే పోయాను. ఎప్పుడూ రోగం కోళ్ళ శాంపిళ్ళు సారే బయటికి తెచ్చి నాకు ఇచ్చేవారు. ఈసారి నేనే లోపలికి పోవాలని పట్టుబట్టాను. నా వైరస్‌కు పోయిన పరువు తిరిగొచ్చిందో లేదో నా కళ్ళతో నేనే చూసుకోవాలి మరి.

మందు వేసిన గది ముందునుంచి పోతుంటే లోపల ఒకటే గోల. గింజల కోసం కోళ్ళు కొట్టుకుంటున్నాయి. మందు పాసైనట్టే.

మందు వెయ్యని గదిలో చప్పుడే లేదు. కోళ్ళు రెక్కలు జార్చి, కళ్ళు మూసుకుని, మూలలకు చేరి నిలబడ్డాయి. కొన్ని నోళ్ళు తెరిచి గాలి పీలుస్తున్నాయి. నా వైరస్ బతికే ఉంది. ఆ సంతోషం మాత్రం నాకు గుమ్మంలోనే చచ్చింది.

జలీల్ సార్ ఆ ఇనుప స్టూలు మధ్యకు లాక్కుని కూర్చున్నారు. ఇదన్నమాట ఆయన కునుకు! రెప్ప కూడా వెయ్యకుండా ఒక్కో కోడినీ చూస్తున్నారు. ఎంతసేపు చూశారో. గోడవారగా ఉన్న కోడి ఒకటి తలను కొద్దిగా, చాలా కొద్దిగా, పక్కకు లాగింది. నాకైతే అది కనబడేదే కాదు. ఆయన లేచి, దాన్ని ఎత్తుకొచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు. తల కింద చెయ్యి పెట్టి ముక్కుకు నీళ్ళు అందించారు. అది రెండు గుక్కలు తాగింది. ఆయన పెదాలు ఏదో అంటున్నట్టు కదిలాయి. ఏమంటారో నేనెప్పుడూ అడగలేదు. సూది వేశారు. దాని మెడ వాలింది గానీ తిరగలేదు.

ఓబులేసు దగ్గరికొచ్చి చూస్తున్నాడు.

"రోగమొచ్చిందని తెలిస్తే చాలప్పా పరీక్షకు," అన్నారు సార్, ఆ కోడిని పక్కన పడుకోబెడుతూ. "మెడ తిరిగేదాకా ఆగే పనిలేదు. కాకపోతే ఎవరో ఒకరు చూస్తా కూర్చోవల్ల."

ఇన్నేళ్ళూ ఆయన లోపల చేసింది అదీ.

ఇంకో కోడి తల వణికింది. ఈసారి సార్ కంటే ముందు ఓబులేసు చూశాడు. పోయి ఎత్తుకున్నాడు. నేల మీదే చతికిలబడి, దాని తల అరచేతిలో పట్టుకుని, గిన్నె దగ్గరికి వంచి నీళ్ళు తాపాడు. చెన్నమ్మ ఎట్లా తాపేదో నేను చూడలేదు గానీ ఇట్లాగే అయ్యుంటుంది. సార్ సూది అందించారు. వాడు వేశాడు. అది పూర్తిగా కదలడం మానేదాకా ఒళ్ళోంచి దించలేదు.

"ఆ పొద్దు మీకు అలవాటైపోయిందన్నా సార్," అన్నాడు, తల ఎత్తకుండానే.

జలీల్ సార్ మోకాళ్ళ మీద చేతులు ఊనుకుని లేచారు. స్టూలును కాలితో మెల్లగా వాడి వైపు జరిపారు.

"అలవాటయ్యింటే ఇదెందుకప్పా నాకు?" అన్నారు.